వరదమ్మ నేర్పిన మడత

వరదమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా తమిళనాడులోని ఆ తెలుగు నేతవీధిలో ఓటు వేయడం ఎలాగో అందరికీ నేర్పింది ఆవిడే. పదిహేనో ఏట పళ్ళిపట్టు నుంచి కాపురానికి వచ్చి, మగ్గానికి నూలు కండెలు చుట్టి చుట్టి చేతులు కాయలు కాచిన మనిషి. నోరు మాత్రం ఎప్పుడూ అలిసిపోలేదు. తిరుత్తణి బస్సు ఆగకుండా పోతే, మరునాడు దారికి అడ్డం నిలబడి, డ్రైవరుకు నాలుగు చీవాట్లు పెట్టి మరీ ఎక్కేది.

ఎనభై ఆరులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. వీధి తరఫున వార్డు మెంబరుగా సుందరరాజులు నిలబడ్డాడు. అతనూ మగ్గం నేసేవాడే, కాకపోతే అరవంలో అర్జీ రాయడం వచ్చు. రేషను కార్డు కావాలన్నా, నూలు రాలేదన్నా వీధివాళ్ళ కాగితాలన్నీ అతని చేతి మీదుగానే వెళ్ళేవి. వరదమ్మ భర్త ఆదికేశవులుకు అతనంటే ప్రాణం. తన ఇంటి ముందు గదిలోనే ఎన్నికల ఆఫీసు పెట్టించాడు. పది రోజులు మగ్గం ఎక్కలేదు. వచ్చినవాళ్ళకల్లా వరదమ్మ పులుసన్నం కలిపి పెట్టింది. సణుగుతూనే పెట్టింది, రెండోసారి అడిగి మరీ పెట్టింది.

సుందరరాజులు గుర్తు గొడుగు. అవతల నిలబడ్డ జగన్నాథన్‌ది తాళం. ఓటు కాగితం మీద గొడుగు పైన, తాళం కింద. ముద్ర వేశాక కాగితాన్ని నిలువుగా మడవాలి. అడ్డంగా, పై అంచు కింది అంచుకు కలిపి మడిస్తే తడి సిరా తాళానికీ అంటుకుని ఓటు చెల్లకుండా పోతుంది. ఈ సంగతి సుందరరాజులు చెప్పగానే వరదమ్మ గట్టిగా పట్టుకుంది. పాత క్యాలెండరు కాగితాలు చింపి, తడి కుంకుమతో బొట్టు పెట్టించి, వీధిలోని ముసలమ్మలందరి చేతా మడిపించింది. ఒక్క ఆదికేశవులు మాత్రం వచ్చి కూర్చోలేదు.

"నలభై ఏండ్లుగా తువ్వాళ్ళు మడస్తా ఉండా. నాకు నువ్వు నేర్పేదేందే?" అన్నాడు.

ఓటు వేసి వస్తూ దారిలో భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు. "కొసకు కొస కలిపి, అంగడికి పంపే తువ్వాలు మాదిరి మడిచి ఏసినా."

ఆ ఓటు చెల్లదని వరదమ్మకు అర్థమైపోయింది. ఒక్క ఓటే కదా, పోనీలే అని నోరు మూసుకుంది. పెళ్ళయ్యాక ఆవిడ నోరు మూసుకోవడం బహుశా అదే మొదటిసారి.

ఓట్లు సమానంగా వచ్చి, చీటీ తీస్తే సుందరరాజులు ఓడిపోయాడు. లెక్కింపులో చెల్లకుండా పోయింది ఒకే ఒక్క ఓటు. గొడుగు మీద ముద్ర, తాళం మీద దాని మరక.

ఇక వీధికి ఒక దోషి కావలసి వచ్చింది. వెతుక్కోనక్కరలేకపోయింది. ఆదికేశవులు కోడలు మునిలక్ష్మి ఆ జగన్నాథన్‌కు సొంత మేనకోడలు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అత్తింటికి ఇచ్చిన మాట కోసం గొడుగుకే ముద్ర వేసి, మేనమామ కోసం కావాలనే అడ్డంగా మడిచిందన్నారు. బోరింగు దగ్గర ఆ పిల్లను బిందె పెట్టనివ్వలేదు. అందరికంటే గట్టిగా నమ్మినవాడు ఆదికేశవులే. నానా మాటలూ అని, ఆ తర్వాత కోడలితో మాటే మానేశాడు. మునిలక్ష్మి ఎవరికీ బదులు చెప్పలేదు. తల వంచుకుని కండెలు చుట్టుకుంటూ కూర్చుంది.

వరదమ్మ రెండు రోజులు నలిగిపోయింది. నిజం చెబితే మొగుడు వీధిలో తలెత్తుకోలేడు. చెప్పకపోతే కన్నవాళ్ళను వదిలి వచ్చిన పిల్ల ఉసురు తగులుతుంది. మూడో రోజు పొద్దున సుందరరాజులు వచ్చి అరుగు మీద కూర్చోగానే, చుట్టుపక్కలవాళ్ళకు వినపడేలా చెప్పేసింది.

"తమ్ముడా, ఆ పాడు ఓటు నాది. తొందర్లో నేనే అడ్డంగా మడిచేసినా. పాప మీద ఊరికే నింద ఏసినారు."

సుందరరాజులు నవ్వేశాడు. "వీధికంతా నేర్పినదానివి, నువ్వు మర్చిపోతావా అక్కా? కోడల్ని కాపాడేదానికి చెప్తా ఉండావు."

అరుగు చుట్టూ ఉన్నవాళ్ళూ తల ఊపారు. వరదమ్మకు ఏడుపొచ్చింది. పిల్ల మీది అనుమానాన్ని తానే ఇంకాస్త గట్టిపరిచినట్టయింది.

లోపల మగ్గం చప్పుడు ఆగింది. ఆదికేశవులు మగ్గం గుంటలోంచి లేచి, ఒక తువ్వాలు పట్టుకుని బయటికి వచ్చాడు.

"అడ్డంగా మడిచేదంటే ఎట్లా సుందరా? చూపించు."

సుందరరాజులు తువ్వాలు అందుకుని కొసకు కొస కలిపి మడిచాడు. ఆదికేశవులు ఆ మడత వంక చాలాసేపు చూశాడు.

"అయితే అది నాదే," అన్నాడు అందరి ముందూ. "నేనే నిన్ను ఓడించినా."

ఆయన లోపలికి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ కోడలి వంక చూశాడు. "ఇన్ని మాటలంటిమే. నేను కాదని ఒక్క మాట చెప్పుండొచ్చు గదమ్మా."

"ఆ పొద్దు మీరు అత్తకు మడత సంగతి చెప్తా ఉంటే, నేనూ ఎనకాలే నడస్తా ఉండాను మామా," అంది మునిలక్ష్మి. "నేను కాదంటే, మరి ఎవరని అడుగుతారు గదా."

రెండు రోజులుగా మొగుడి పరువును తానొక్కతే మోస్తున్నాననుకున్న వరదమ్మ, కోడలి తల నిమురుతూ నిలబడిపోయింది.