పళ్ళెంలో రెక్కల పురుగు

పళ్ళెంలో వాలిన రెక్కల పురుగును మొదటిసారి చూసినప్పుడు ఎల్లవ్వ ఉఫ్ఫని ఊదింది. కదల్లేదు. కొంగుతో దులిపింది. అప్పటికి గాని అది బొమ్మని తెలియలేదు. లుబ్నా మేడమ్ పడీ పడీ నవ్వింది.

దోహాలో, అల్ హిలాల్‌లోని ఆ విల్లాలో ఎల్లవ్వ ఇంటిపని మనిషి. మేడమ్ ప్రాణంగా చూసుకునే ఆ పింగాణీ పళ్ళేలు రెండున్నర వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో చేసినవి. ఒక్కోదాని మీద ఒక్కో మొక్క, ఆకు ఈనెలు, విచ్చిన కాయ, గింజలతో సహా. తినే పళ్ళెంలో ఇంత చెట్టెందుకో! పెద్దింటివాళ్ళ వేషాలు అనుకుంది.

కానీ పురుగున్న పళ్ళెం కడిగేటప్పుడు మాత్రం రెక్కల మీద వేలు పడనిచ్చేది కాదు. భర్త నర్సింగ్ ఈ దోహాకే బిల్డింగ్ సైటు పనికి వచ్చి, పెట్టెలో ఊరికి తిరిగొచ్చాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. పెట్టె తెరవనివ్వలేదు. ఆడదాని ప్రశ్నకు అక్కడ జవాబెవరిస్తారు! దినాలనాడు దీపం దగ్గర పరిచిన పిండిలో రెక్కల జాడ కనబడితే, పురుగై వచ్చిపోయాడన్నారు పెద్దలు. తరవాత బతుకుతెరువుకు ఆమే ఇక్కడికి వచ్చింది. పళ్ళెం తుడుస్తూ "తిన్నవా?" అని మెల్లగా అడిగేది. భయమూ అదే, ఓదార్పూ అదే. బాధ తెలియకుండా పోయాడన్నదొక్కటే ఆమెకు మిగిలిన ధైర్యం.

ఒకరోజు భోజనాలయ్యాక మేడమ్, పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగులో చెప్పింది. "ఈ పురుగు అందం కోసం కాదు ఎల్లవ్వా. బట్టీలో కాలేటప్పుడు పళ్ళేనికి మచ్చ పడుతుంది. అది కనబడకుండా పైన బొమ్మ వేసేవాళ్ళు."

ఎల్లవ్వ వేలితో తడిమింది. రెక్క కింద సన్నటి గుంట తగిలింది. తెరవనివ్వని పెట్టె గుర్తొచ్చింది. కప్పి ఉంచారంటే కింద దెబ్బ ఉన్నట్టేనా?

వంటింటి తలుపు వేసుకుని, అదే ఊళ్ళో అబూ హమూర్‌లో పనిచేసే మరిది హన్మాండ్లుకు ఫోన్ చేసింది. అన్నతో ఒకే కూలీల క్యాంప్‌లో ఉన్నవాడు, పెట్టె వెంట ఊరికి వచ్చినవాడు అతనే.

"నిజం చెప్పు. మీ అన్న నిద్రల్నే పోయిండా?"

అవతల తలుపు వేసిన చప్పుడైంది.

"గిప్పుడెందుకు వదినె..."

"నా మీద ఒట్టు."

"మీదికెల్లి పడ్డడు వదినె. పొద్దుగాల, డ్యూటీల. నువ్వు తట్టుకోవని అట్ల చెప్పినం."

"పడంగనే పోయిండా?"

హన్మాండ్లు ఏడ్చాడు. "మాపటిదాక పానమున్నది. నీతోని మాట్లాడుతనన్నడు. బాగయినంక మాట్లాడుదువు తియ్యి అని నేనే ఆపిన."

ఎల్లవ్వ గోడకు చేరగిలబడింది. అతను పడిన ఆ రోజంతా ఆమె ఊళ్ళో ఇంట్లోనే బీడీలు చుడుతూ కూర్చుని ఉంది.

"ఫోను నా ఒళ్లెనే ఉండె గదరా, హన్మాండ్లూ," అంది.