అత్త పోలిక

మా అత్తది ఇస్త్రీ కొట్టు. మనిషిదీ ఆ ఇస్త్రీపెట్టె వాటమే, నీళ్ళు చల్లితే చుర్రుమంటుంది. ఇంటి యజమానినీ వదలదు, వీధి కుక్కనీ వదలదు. ఆమెకు భయం అనేది ఒకటుంటుందని పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకెప్పుడూ తోచలేదు.

బాబు పుట్టగానే అందరూ మొహం చూస్తే, ఆమె కాళ్ళు చూసింది. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇంకో వేలు పట్టేంత ఎడం.

"చెప్పు తొడుక్కోవడానికి దారి వదిలిపెట్టే పుట్టాడు. అచ్చం నా పోలికే," అని నాతో, మా అమ్మతో, గది తుడిచే ఆవిడతో కూడా చెప్పింది.

మా అమ్మకు ఒళ్ళు మండింది. "ముక్కు మాత్రం మాదేలెండి వదినగారూ," అంది.

ఆ వాదన తేలకముందే బాబు పెదాలు నీలంగా మారాయి. నర్సు వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తింది. మళ్ళీ చూసేసరికి వాడు అద్దాల గదిలో గొట్టాల మధ్య ఉన్నాడు.

"పుట్టగానే ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు వదులవ్వాలి. వీడివి బిగుసుకునే ఉన్నాయి. అక్కడ రక్తపోటు బాగా ఎక్కువగా ఉంది, అందుకే ఒంటికి ఆక్సిజన్ చాలట్లేదు," అంది డాక్టరమ్మ. నాకు సగమే అర్థమైంది.

మందులు పడుతున్నా ఆ రక్తపోటు దిగలేదు. మర్నాడు డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది.

"బాబు కాలివేళ్ళ మధ్య ఎడం చూశాను. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? మోకాలి చిప్పలు చిన్నవిగా ఉండి జారడం? పసిపిల్లలు ఇలా పోవడం? అరుదే గానీ, కొన్ని కుటుంబాల్లో ఇవన్నీ ఒకే జన్యువు వల్ల వస్తాయి. తెలిస్తే మేం ఏం వెతకాలో తెలుస్తుంది."

"మా వైపు ఎవరికీ లేదండీ," అంది మా అమ్మ తడుముకోకుండా.

నేను అత్త వైపు చూశాను. ఆమె కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుని, చీర అంచు కిందికి సర్దుకుంటోంది. నిన్న ఊరంతా చాటిన మనిషి నోరు మెదపడం లేదు. నాకు కోపం రాలేదు, చచ్చేంత భయమేసింది.

"అత్తయ్యా, చెప్పండి. వాడు పోతాడు," అన్నాను.

"మీ ఆయనకన్నా ముందు నాకో ఆడపిల్ల," అంది నేల చూస్తూ. "పొద్దున పుట్టింది. ఇలాగే నీలంగా అయిపోయి సాయంత్రానికి పోయింది. చలిగాలి తగిలిందన్నారు. దానివీ ఇవే కాళ్ళు."

గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన, "నాకు అక్క ఉందా?" అన్నాడు.

"నేనే ఇచ్చానా తల్లీ వీడికి ఇది?" అని డాక్టరమ్మను అడిగింది అత్త.

"ఇవ్వడం, ఆపడం మన చేతిలో ఉండవమ్మా. రక్తపరీక్ష చేస్తేగానీ ఏదీ చెప్పలేం. అదే జన్యువు ఉన్నా ఒకరికి ప్రాణం మీదికొస్తుంది, ఇంకొకరికి మోకాళ్ళ నొప్పితో సరిపోతుంది. ఎందుకలాగో మాకూ పూర్తిగా తెలీదు."

అత్త కాళ్ళు రెండూ బయటికి చాపింది. రవిక చెయ్యి పైకి లాక్కుంది.

"అయితే ముందు నా రక్తం తీయండి. ఈ కాళ్ళ మీదే నిలబడి ఇంతకాలం ఇస్త్రీ చేశాను. నా పోలికే వచ్చిందంటే, నా ఆయుష్షు కూడా వచ్చి ఉండాలిగా వాడికి."

సూది దిగుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.