ఏరిన కోళ్లు

1968లో నేను పాతపట్నం వైపు పల్లెల్లో కోళ్ల పెంపకం అసిస్టెంటుగా తిరిగేవాణ్ణి. ట్రైనింగు పూర్తయి ఏడాది కాలేదు. గుడ్ల కోసం పెంచే తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్నాయి. గుడ్లు మానేసిన కోడి మేత మాత్రం మానదు. అలాంటివాటిని మందలోంచి తీసి అమ్మెయ్యడాన్ని మా పనిలో 'కల్' చెయ్యడం అంటారు.

మగడు పోయాక సూరమ్మ ఇల్లు ఆ కోళ్ల మీదే నడిచేది. వానలకు ముందు మందను కల్ చెయ్యాలని, కల్ చేసినవి అమ్ముకోవాలని మా ఆఫీసరు ఆమెకు ఇంగ్లీషులో చీటీ రాసిచ్చారు. తర్వాత నేను వెళ్లేసరికి దొడ్లో గుడ్లు మానేసి తురాయి పాలిపోయిన కోళ్లే మిగిలాయి.

"మంచివేవమ్మా?"

"మీ చీటీలో ఉన్నట్టే ఏరి, ఇప్పుడే హోటలుకి పంపీసినాం గదా బాబూ."

ఆమె మరిది అప్పలనాయుడు ఎస్సెల్సీ చదివినవాడు. డిక్షనరీ తెచ్చి నా ముందు పెట్టాడు. "కల్ అంటే ఏరుకొనుట. పువ్వులు ఏరుకొనుట అని కూడా ఉన్నాది, సూడండి! మంచివైతే మంచి ధర వస్తాదనుకున్నాను."

అమ్మాల్సింది గుడ్లు మానేసినవాటినని చెప్పాను. మిగిలిన కోళ్లను గంపలో వేసి నెత్తికెత్తుకున్నాడు. పాతపట్నం ఆ ఊరికి ఆనుకునే ఉంది. ముగ్గురం పరుగెత్తాం.

హోటలు వెనక అండాలో నీళ్లు మరుగుతున్నాయి. యజమాని అప్పటికే ఒక కోడిని కోసేశాడు. చీల్చిన పొట్టలో పెంకు కట్టిన గుడ్డు, దాని వెనక పెద్దవీ చిన్నవీ వరసగా పచ్చసొనలు. అతను రెండో కోడిని అందుకున్నాడు.

"ఆపండి!" అన్నాను.

"డబ్బులిచ్చీసినాను. ఇవి నా కోళ్లు."

"కల్ చేసీది ఇవి కాదు మావా!" అన్నాడు అప్పలనాయుడు.

"కోళ్లకి కల్లేటిరా? తాగించి కొయ్యాలా?"

అతని చేతిలోని కోడి తోక కింద రెండు ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూపించాను. గుడ్లు పెట్టే కోడికి అక్కడ రెండు మూడు వేళ్లు పడతాయి. మానేసినదానికి ఒకటి పట్టడమే కష్టం. "మానేసినదానికి తిన్నదంతా కొవ్వే. మీకు కావలసింది అదే కదా" అంటూ గంపలోంచి ఒకదాన్ని అందించాను.

అతను రెండిటినీ చెరో చేత్తో పట్టి తూచాడు. పొట్ట నొక్కి చూశాడు.

"బరువుగానే ఉన్నాది. మార్చీసుకోండి. కోసినదానికి మాత్రం నన్నడక్కండి."

సూరమ్మ ఆ గుడ్డును మాత్రం అడిగి తీసుకుంది. కొంగుతో తుడిచింది. దారిలో మరిదిని ఒక్క మాటైనా అనలేదు.

డిక్షనరీలో తప్పు లేదు. కల్ చేసిన పువ్వులు ఉంచుకునేవి, కల్ చేసిన కోళ్లు వదిలించుకునేవి. ఆ మాటకొస్తే మన మాటా అంతే. పొగడపూలు ఏరితే ఏరినవి దాచుకుంటాం. బియ్యం ఏరితే ఏరినవి పారేస్తాం. అప్పటినుంచి ఆ మాటను నేను ఒంటరిగా వదల్లేదు. ఏవి ఉండాలో, ఏవి పోవాలో చెప్పాకే గడప దాటేవాణ్ణి.

మళ్లీ వెళ్లినప్పుడు సూరమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి ఒక రాయి పైకెత్తి పట్టుకుంది.

"ఉంచీదా బాబూ, పారేసీదా? ముందే సెప్పీయండి."