బొంతంటే భయం

మా మావయ్య దర్జీ. కింద గదిలో కుట్టుమిషను, పైన డాబా మీద పావురాల గూడు. చొక్కాలు ఆలస్యమయ్యాయని జనం తిట్టిపోసినా చలించని మనిషి, గూట్లో ఒక్క పిట్ట ముడుచుకుని కూర్చుంటే చాలు, అన్నం మానేస్తాడు.

తల్లిలేని పిల్లికూన దొరికితే, వెచ్చగా ఉంటుందని పావురం పిల్లల మధ్య పడుకోబెట్టిన ఘనుడు కూడా ఈయనే. ఒంటినిండా రకరకాల మచ్చలు, అందుకని దాని పేరు బొంత. బొంత పెద్దదైంది, పావురాలూ పెద్దవయ్యాయి, అన్నీ ఒకేచోట నిద్ర. ఇంటికి ఎవరొచ్చినా డాబా మీదికి లాక్కెళ్లి ఆ వింత చూపించేవాడు. ఆయన గొప్పలు విని విని మాకు చెవులు తూట్లు పడ్డాయి.

ఓరోజు పిట్టగోడ మీదికి బూడిదరంగు గండుపిల్లి వచ్చింది. మావయ్య చూస్తుండగానే ఒక పావురాన్ని నోట కరుచుకుని పోయింది. ఆ పావురం పారిపోనైనా లేదు. మిగతావి గింజలు తింటూనే ఉన్నాయి. పిల్లి అంటే వాటికి బొంతే కదా.

అప్పట్నుంచి మావయ్య మనసు మనసులో లేదు. రెండు కుట్లు వేయడం, పైకి పరిగెత్తడం. ఎవరిదో చొక్కాకు చేతులు తిరగేసి కుట్టాడు. గూటికి తాళం వేసి చూశాడు గానీ, ఎగరడం లేక పావురాల తిండి తగ్గిపోయింది.

చివరికి పక్కవీధి పిండిమిల్లు ఆయన తన చూరులో తిరిగే పావురాన్ని పట్టుకొచ్చాడు.

"నువ్వు చెబితే వాటికి రాదు బావా. భయం తెలిసినదాన్ని మధ్యలో పెట్టు. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయి."

"మరి పిల్లి?"

"ఇంట్లోనే ఉందిగా."

అత్తయ్య అడ్డుపడింది. "అదేం పాపం చేసిందండీ? దాన్ని దొంగని చేస్తారా?"

"నాకు మాత్రం సరదానా? రేపు ఇంకోటి పోతే ఏం చెయ్యను?" అని మావయ్య కసిరాడు.

బొంతను ఎత్తుకుని గూట్లోకి వెళ్లాడు. మిల్లు పావురం రెక్కలు విరుగుతాయేమో అన్నంతగా జాలీకేసి కొట్టుకుంది. మిగతావి తినడం ఆపి దాన్ని చూశాయి, తర్వాత బొంతను చూశాయి. మర్నాడూ అదే పని, అయ్యాక బొంతను బయటికి తెచ్చి తాళం వెయ్యడం. కొన్నాళ్లకు బొంత చెవులు కనపడితే చాలు, గూడంతా గగ్గోలు.

ఇక ఓ సాయంత్రం ధైర్యం చేసి గూటి తలుపు తీశాడు. అనుకున్నంతా అయింది, గండుపిల్లి గోడ మీంచి దూకింది. పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఒక్కటీ చిక్కలేదు. మావయ్య మెట్ల మీద కూలబడి, సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

గండుపిల్లి వెళ్లిపోయాక పావురాలు ఒక్కొక్కటే దిగసాగాయి. అంతలో నిద్రవేళయిందని బొంత పైకొచ్చింది. దిగినవన్నీ మళ్లీ లేచిపోయాయి. బొంత ఖాళీ గూట్లోకి వెళ్లి, తన మామూలు చోట పడుకుని, తలెత్తి వాటిని పిలిచింది. చాలాసేపు పిలిచింది.

మావయ్య వెళ్లి దాన్ని ఎత్తుకున్నాడు.

"పదవే తల్లీ, కిందికి పోదాం. ఇకనుంచి నువ్వు పిల్లివి" అన్నాడు.