జాడ మేడమ్ ఆపేసిన లైను

ఆఫీసులో అందరూ ఆవిడను ఎదురుగా మేడమ్ అనీ, వెనకాల జాడ మేడమ్ అనీ పిలిచేవారు. వెనకాల పేరు ఆవిడ చెవిన పడలేదని వాళ్ల ధీమా. పడి చాలా ఏళ్లయింది. పైకి ఏమీ తెలియనట్టు ఉండేది గానీ, ఆ పేరంటే ఆవిడకు లోలోపల కాస్త ముచ్చటే.

పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పని ఒకటే. డిపోలో ఉన్న పెద్ద కంప్యూటరుకూ, ఏ బస్సు ఎప్పుడొస్తుందో చూపిస్తూ ఊరంతటా బస్‌స్టాపుల్లో వేలాడే బోర్డులకూ మధ్య కబుర్లు మోసే ప్రోగ్రామును సి అనే కంప్యూటరు భాషలో రాయడం, బాగుచేయడం, మిగతావాళ్ల చేతులు దాని మీద పడకుండా కాపాడుకోవడం. మూడోదానికే ఎక్కువ సమయం పట్టేది. ఆ ప్రోగ్రాములో అడుగడుక్కీ ఒక జాడ లైను ఉండేది. "బోర్డు పలికింది", "కబురు పంపాను", "జవాబు రాలేదు, మళ్లీ అడుగుతున్నాను" అంటూ ప్రోగ్రాము తాను చేసే ప్రతి పనినీ ఒక ఫైల్లో రాసుకుంటూ పోయేది. ఎక్కడ తేడా వచ్చినా ఆవిడ ఆ ఫైలు తిరగేసి, ఏ అడుగు తడబడిందో ఇట్టే పట్టేసేది.

ఇంటి విషయంలోనూ అంతే. సాయంత్రం "బయల్దేరాను", "మలుపు దగ్గరున్నాను", "లిఫ్టెక్కాను" అంటూ భర్తకు వరసగా మెసేజ్‌లు పంపేది. కళ్లద్దాల దుకాణంలో పనిచేసే ఆయనకు వాటిని చూసే తీరిక దొరికేది ఇంటికొచ్చాకే. అన్నీ ఒక్కసారిగా చదివి, ఎదురుగా కూర్చున్న ఆవిడతో, "మొత్తానికి క్షేమంగా చేరావన్నమాట" అనేవాడు.

జాడ లైను ప్రతిసారీ పొడుగ్గా రాయాలంటే విసుగు కనుక ఆవిడ దానికి ఒక మాక్రో కట్టింది. మాక్రో అంటే పెద్ద మాటకు పెట్టుకున్న పొట్టిపేరు. ప్రోగ్రాము తయారయ్యేటప్పుడు ఆ పేరున్న చోటల్లా అసలు మాట వచ్చి కూర్చుంటుంది. జాడలు వద్దనుకుంటే ఒక్కచోట మారిస్తే చాలు, ఆ లైన్లన్నీ బ్రాకెట్లలో ఉన్న సరంజామాతో సహా మాయమైపోతాయి. అందుకే కొత్తగా చేరినవాళ్లెవరికైనా కుర్చీ చూపించకముందే ఆవిడ ఒక సంగతి చెప్పేది.

"జాడ లైన్లో మాటలుండాలి, పని ఉండకూడదు. లైను పోతే పని కూడా పోతుంది. అర్థమైందా?"

అర్థమైనా కాకపోయినా అందరూ అయిందనేవారు.

ఒక సోమవారం డిపో నుంచి ఫోనొచ్చింది. జాడల ఫైలు పెరిగి పెరిగి డిస్కంతా నిండిపోతోందట. "మీ ప్రోగ్రాము మరీ వాగుతోందండీ. కాస్త దాని నోరు మూయించండి" అన్నాడు అక్కడి మేనేజరు. సొంత పిల్లను ఎవరో అన్నట్టు ఆవిడకు చురుక్కుమంది. అయినా చేసేదేమీ లేక, ఇన్నేళ్లలో మొదటిసారి జాడలు తీసేసి, కొత్త ప్రోగ్రామును పంపింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారి ఫోను.

"అమ్మాయ్, పనిలో ఉన్నావా?"

"చెప్పండి అత్తయ్యా."

"స్టాపులో ఉన్నాను. మీ బోర్డు మూడు నిమిషాల్లో బస్సంటోంది."

"మంచిదే కదా."

"నలభై నిమిషాల నుంచీ అదే అంటోందమ్మా. ఈలోపు రెండు బస్సులు నా ముందు నుంచే పోయాయి. మూడు నిమిషాల్లో వచ్చేదే మనదేమోనని ఎక్కలేదు."

"బస్సు మీద నంబరుంటుంది కదా అత్తయ్యా."

"ఉంటుంది. నేను నీ బోర్డును నమ్మాను. మా కోడలు చేసిన బోర్డని ఇక్కడ నలుగురికీ చెప్పాను కూడా. ఇప్పుడు ఆ నలుగురూ నా వంకే చూస్తున్నారు."

సాయంత్రానికి సంగతి పూర్తిగా తెలిసింది. ఒక్క బోర్డు కాదు, ఊళ్లోని బోర్డులన్నీ మొదట అందిన కబురునే పట్టుకుని బిగుసుకుపోయాయి. లోపల ఏం జరుగుతోందో చూద్దామని ఆవిడ జాడలు మళ్లీ పెట్టింది. ఐదు నిమిషాల్లో బోర్డులన్నీ లేచి కూర్చున్నాయి. ఫైల్లో ఒక్క తప్పూ లేదు. సరే, తగ్గిందనుకుని జాడలు తీసేసింది. మళ్లీ బిగుసుకుపోయాయి. డాక్టరు గదిలోకి రాగానే జ్వరం దాచేసుకునే రోగిలా తయారైంది వ్యవహారం. వైర్లను అనుమానించింది, బోర్డులు చేసినవాళ్లను అనుమానించింది, ఎండనూ వదల్లేదు.

గురువారం పొద్దున టెస్టింగ్ చూసే పెద్దమనిషి ఆవిడ బల్ల దగ్గరికొచ్చాడు. ప్రతి మాటనూ సాగదీసి పలుకుతాడని ఆయనకు దీర్ఘం గారని పేరు. ఆయన మొదలుపెట్టి ముగించేలోపు చాలామందికి చిన్న పని ఒకటి పూర్తయ్యేది.

"మేడమ్, జాడలుంటే నడుస్తోంది. తీసేస్తే ఆగుతోంది. అంటే జాడ లైన్లలోనే ఎక్కడో పనుందేమో మేడమ్."

"నా ప్రోగ్రాములో అలాంటి పొరపాటు జరగదండీ" అన్నదావిడ. అన్న మరుక్షణమే ఆలోచనలో పడింది. తాను చేయకపోతే ఇంకెవరో చేసుండాలి. వెంటనే ఆఫీసులో అందరికీ ఒక ఉత్తరం పంపింది: "ఎవరో జాడ లైన్లో పని పెట్టారు. వెతకడం మొదలుపెడుతున్నాను. దొరికేలోపు వాళ్లే వచ్చి చెబితే మర్యాదగా ఉంటుంది."

ఎవరూ రాలేదు. ఆరువందల పన్నెండు జాడ లైన్లనూ అచ్చు తీయించి, ఆవిడ ఒక్కొక్కటే చదువుతుంటే దీర్ఘం గారు పెన్సిలుతో టిక్కు పెడుతూ కూర్చున్నాడు. మూడు గంటల వేళ ఆవిడ గొంతులో ఉత్సాహం వచ్చింది.

"ఇదిగో, దొరికింది."

డిపో పంపే ప్రతి కబురుకూ వరస నంబరుంటుంది. "ఫలానా నంబరు కబురు పంపాను" అని జాడ రాసే లైను బ్రాకెట్లోనే ఆ నంబరును ఒకటి పెంచే పనినీ ఎవరో ఇరికించారు. జాడలు తీసేయగానే పెంచే పనీ పోయింది. కబుర్లన్నీ ఒకే నంబరుతో వెళుతుంటే బోర్డులు పాపం, వచ్చిందే మళ్లీ వస్తోందనుకుని పక్కన పడేశాయి.

"ఎవరు రాశారో చూడండి" అన్నదావిడ.

దీర్ఘం గారు కంప్యూటర్లో పాత మార్పుల పట్టిక తెరిచి చూశాడు. ఈసారి మాట సాగదీయకుండా పొట్టిగా తేల్చేశాడు.

"పాతది మేడమ్."

"ఎంత పాతది?"

"పదకొండేళ్లు."

"అప్పుడు మనతో ఎవరెవరున్నారు?"

ఆయన స్క్రీన్ను మెల్లగా ఆవిడ వైపు తిప్పాడు.

అక్కడున్నది ఆవిడ పేరే. రాసిన రోజు కూడా గుర్తొచ్చింది. రెండు లైన్ల పని ఒక్క లైన్లో పొందిగ్గా ఇమిడిందని ఆ రోజు ఎంతో మురిసిపోయింది. దీర్ఘం గారు మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లి, కావాలనే ఆలస్యంగా వచ్చాడు.

నంబరు పెంచే పనిని బయటికి లాగి విడిగా ఒక లైన్లో పెట్టడానికి అర నిమిషం పట్టింది. ఉత్తరం రాయడానికి గంట పట్టింది. చెరిపి చెరిపి, చివరికి పంపింది ఇంతే: "పొద్దున నేను వెతికిన మనిషి దొరికింది. నేనే. అందరికీ క్షమాపణలు." పక్క గదిలోంచి కుర్చీలు కదిలిన చప్పుడూ, ఎవరో నవ్వును దగ్గుగా మార్చుకున్న చప్పుడూ వినిపించాయి.

ఇంటికెళ్లాక అత్తగారికీ చెప్పింది.

"తప్పు నాదే అత్తయ్యా."

"బోర్డుది కాదా?"

"కాదు."

అత్తగారు ఇబ్బందిగా చూసింది. "స్టాపులో వాళ్లకి నేను తప్పంతా వైర్లదేనని చెప్పి వచ్చానే. మళ్లీ వెళ్లి అసలు సంగతి చెప్పమంటావా?"

"వద్దత్తయ్యా" అన్నదావిడ గబగబా. భర్త పేపరు కొంచెం పైకెత్తి ముఖం దాచుకున్నాడు.

ఆ శుక్రవారం నుంచి తన ప్రోగ్రామును కూడా ఇంకొకరు చూడాల్సిందేనని ఆవిడే నియమం పెట్టి, ఆ పని దీర్ఘం గారికి అప్పగించింది. ఆయన వారం తిరక్కుండానే రెండు సంఖ్యల్లో చిన్నదాన్ని ఏరే మాక్రో మీద వేలు పెట్టాడు. దానికి సంఖ్య బదులు ఏదైనా పనిని అప్పగిస్తే, అది రెండుచోట్ల వచ్చి కూర్చుని ఆ పని రెండుసార్లు జరుగుతుందని ఆయన వాదన. అలా ఎవరూ అప్పగించరని ఆవిడ రెండు రోజులు వాదించింది. మూడో రోజు మాక్రో తీసేసి, ఇచ్చిన పనిని ఒక్కసారే చేసే మామూలు ఫంక్షన్ రాసి, ముభావంగా చెప్పింది.

"మీరన్నారని కాదు. ఎలాగూ మార్చాలనుకుంటున్నాను."

"అలాగే మేడమ్" అని ఆయన తాపీగా తర్వాతి ఫైలు తెరిచాడు.