ఒక్క తప్పూ లేదని చెప్పిన రోజు

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఏదో వెబ్‌సైట్ తెరిస్తే, కుకీలకు ఒప్పుకుంటారా అని తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. మా అమ్మాయి దాన్ని పూర్తిగా చదవకుండానే ఒప్పుకుంటున్నానని నొక్కి ముందుకు పోయింది. కుకీ అన్న మాట తెర మీద కనబడితే చాలు, నాకు ఇబ్రహీంపట్నంలో మా డిగ్రీ కాలేజీ ఆఫీసు గది గుర్తుకొస్తుంది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్తల్లో అక్కడ కంప్యూటర్ లెక్చరర్‌గా చేరాను. డిపో దగ్గర బస్సు దిగి, దారి పొడవునా ప్లాట్ల బోర్డులు చదువుకుంటూ నడిచి వెళ్లేదాన్ని. నా పనితనం మీద నాకు నమ్మకం జాస్తి. ఇప్పటికీ తక్కువేమీ కాదు.

పరీక్షల ముందు యూనివర్సిటీ వాళ్లు ప్రతి విద్యార్థి వివరాలూ సైట్‌లో పెట్టేవారు. కాలేజీ లాగిన్‌తో లోపలికి వెళ్లి, ఒక్కొక్కరి పేజీ తెరిచి, చదివిన సబ్జెక్టులే పడ్డాయో లేదో చూసి, గడువులోగా తప్పులు దిద్దించాలి. లేకపోతే పాపం ఆ పిల్లలు చదవని సబ్జెక్టుకు పరీక్ష రాయాలి. ఏళ్ల తరబడి ఈ పని మా క్లర్కు, మేమంతా అక్క అని పిలిచే ఆవిడే చేసేది. ఆ ఏడు ఆవిడకు కంటి ఆపరేషన్ అయి, తెర వైపు ఎక్కువసేపు చూడలేకపోయేది. పని మిగిలిపోయి, గడువు ఆ రోజు సాయంత్రానికి వచ్చింది. నేను ప్రోగ్రాం రాసి చేస్తానని ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకున్నాను.

కాలేజీ రిజిస్టర్‌లో తమ పేరు మీద లేని సబ్జెక్టు ఎవరి పేజీలోనైనా కనబడితే వాళ్ల నంబరు రాసిపెట్టమని ప్రోగ్రాంకు చెప్పాను. పావుగంటలో అందరి పేజీలూ తిరిగొచ్చి, ఒక్క తప్పూ లేదంది. ఆ మాటే ప్రిన్సిపాల్ గారికి గర్వంగా చెప్పి వచ్చాను. అప్పుడు అక్క మెల్లగా నా బల్ల దగ్గరికొచ్చింది.

"మేడం, గా ఎలిమినేడు ఊరి పిల్లది నిన్న నేనే చూసిన. హిస్టరీ చదివిన పిల్లకు జాగ్రఫీ పడ్డది. తప్పే లేదంటె గదెట్ల?"

ఆపరేషనైన కళ్లు కదా, సరిగా కనబడలేదేమో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆవిడ ఆ పిల్ల నంబరు కాగితం మీద రాసి నా ముందు పెట్టింది. బ్రౌజర్‌లో తెరిచి చూస్తే నిజంగానే జాగ్రఫీ. అదే నంబరుకు నా ప్రోగ్రాం తెచ్చిన పేజీ తీసి చూస్తే, అది పేరు, పాస్‌వర్డ్ అడిగే లాగిన్ పేజీ. అందరికీ అదే వచ్చింది. సబ్జెక్టులే లేని పేజీలో తప్పు సబ్జెక్టు ఎలా దొరుకుతుంది?

లాగిన్ అయిన వాళ్లకు సైట్ కుకీ అనే చిన్న గుర్తు ఇస్తుంది, ఆ తర్వాత ప్రతి పేజీకీ బ్రౌజరే దాన్ని చూపిస్తుంది. నా ప్రోగ్రాం మాత్రం ఆ గుర్తును వదిలేసి, ప్రతిసారీ ముక్కూమొహం తెలియని మనిషిలా వెళ్లి నిలబడింది. బ్రౌజర్‌లోంచి ఆ కుకీని తీసి, పేజీ కోసం నా ప్రోగ్రాం పంపే ప్రతి అభ్యర్థనలోనూ నేనే రాసిపెట్టాను. అయినా లోపలికి రానివ్వలేదు. మళ్లీ చూస్తే ఆ సైట్‌కు రెండు కుకీలు కావాలి, ఒకటి లాగిన్‌ది, ఇంకొకటి ఏ కాలేజీయో చెప్పేది. రెండూ పెట్టాక ఎలిమినేడు పిల్ల పేరుతో పేజీ వచ్చింది. ఈసారి, పేజీలో విద్యార్థి పేరు లేకపోతే అక్కడికక్కడే ఆగిపొమ్మని కూడా రాశాను.

తొమ్మిది తప్పులు బయటపడ్డాయి. పొద్దున చెప్పింది తప్పని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి నేనే వెళ్లి ఒప్పుకున్నాను.

"మల్ల ఇదన్న పక్కానా?" అన్నారాయన.

"అవ్ సార్. తొమ్మిదీ అక్క కండ్లార చూసింది," అన్నాను.

గడువుకు గంట ముందే అన్నీ దిద్దించాం. ఎలిమినేడు పిల్ల హిస్టరీ పరీక్షే రాసింది. ఇంత జరిగిందని ఆమెకు తెలియనే తెలియదు.

ఇప్పుడు కుకీల సంగతి మనం చెప్పకుండానే ప్రోగ్రాములే చూసుకుంటున్నాయి, పిల్లలు తమ వివరాలు తామే ఫోన్లలో సరిచూసుకుంటున్నారు. మంచిదే, నేనూ అదే నేర్పుతున్నాను. అక్క రిటైరై చాలా ఏళ్లయింది. ఆవిడ కుర్చీలో ఇప్పుడు చురుకైన కుర్ర క్లర్కులు కూర్చుంటున్నారు, పని నిమిషాల్లో ముగిస్తున్నారు. కానీ నంబరు వినగానే ఇది ఫలానా ఊరి పిల్లదని చెప్పగల మనిషి మాత్రం ఆ గదిలో ఇప్పుడు ఒక్కరూ లేరు.