మూడో ఉదాహరణ

నా పేరు లచ్చవ్వ. నా లెక్కన డెబ్బై నాలుగేళ్లు, ఆధార్ కార్డు అరవై తొమ్మిది అంటుంది. ఎల్లారెడ్డిలో చిన్న కొడుకు, కోడలితో ఉంటాను. బీడీలు చుడతాను. చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మొన్న సోమవారం కామారెడ్డిలో మా టీచరమ్మ పోయింది. గుండె ఆగిందని ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. వెళ్లి కాళ్లకు దండం పెట్టి వచ్చాను, ఏడ్చాను కూడా. కానీ ఆమె మీద కోపం తగ్గలేదు. రెండూ కలిపే చెబుతాను.

ఆమె మా ఊరి బడిలో ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పింది. నా ముగ్గురు పిల్లలకూ అక్షరాలు దిద్దించింది ఆమే. చిన్నోడు బడి మానేసి పోచారం ప్రాజెక్టు దగ్గర చేపలు పట్టేవాళ్లతో చేరితే, బస్సెక్కి వెళ్లి చెవి పట్టుకుని తీసుకొచ్చింది. రిటైరయ్యాక కామారెడ్డికి మారింది. ఊరికే కూర్చోలేక, పట్నంలో మళ్లీ విద్యార్థిగా చేరింది. భాషల గురించిన చదువట.

"పిల్లలు నన్ను ఆంటీ అంటున్నరు లచ్చవ్వా. కాపీ మాత్రం నా దాంట్ల చూసే కొడుతున్నరు" అని నవ్వేది.

ఆదివారం వచ్చిందంటే బస్సు దిగి మా రేకుల షెడ్డు కింద చాప మీద కూర్చునేది. పెన్ను కొప్పులో దోపుకుని, చాట ఒళ్లో పెట్టుకుని తనూ ఆకు చుట్టేది. ఆమె బీడీలు బెండకాయల్లా వచ్చేవి. "టీచరమ్మా, ఇది తాగేటోనికి రెండు నోర్లుండాలె" అని మా ఆడవాళ్లు ఏడిపించేవారు.

మేము మాటల్ని తిప్పి మాట్లాడుకుంటాం. కార్ఖానా గుమాస్తాకు, ఇంట్లో మగవాళ్లకు అర్థం కాకుండా మా అమ్మల కాలం నుంచీ ఉన్నదే. ఎలా తిప్పుతామో ఇక్కడ చెప్పను. ఒకసారి చెప్పి చూశాను.

టీచరమ్మ దాని మీదే రాస్తానంది. "రాసిపెట్టకపోతే మాట మాయమైతది లచ్చవ్వా" అనేది.

"మాయం కావాల్సిన మాటలు గూడ ఉంటయి బిడ్డా. ఎట్ల తిప్పుతమో రాసుకో. ఏం మాట్లాడుకున్నమో రాయకు" అన్నాను.

"రాయను. నా మీద నమ్మకం లేదా?" అంది. ఉంది కాబట్టే ఆమె ఫోన్ ముందు పెట్టుకుని మాట్లాడాం. ఆమె తెచ్చిన ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేశాను.

చదువుకునే పిల్లలే నడిపే భాషల సభ ఒకటి ఉందట. దానికి పంపే రాతలో రాసినవాళ్ల పేరు తీసేసి పంపాలట, ఎంచేవాళ్లకు అది ఎవరిదో తెలియకూడదట. ఆమె రాత ఎంపికయింది. ఆ ఆదివారం మైసూర్‌పాక్ డబ్బా తెచ్చి, మా ఐదుగురికీ చదివి వినిపించింది. అందులో ఉదాహరణలు మేం తిప్పి మాట్లాడిన మాటలే. మొదటిది వాన గురించి. రెండోది గుమాస్తా మీసాల గురించి, అందరం నవ్వాం. తర్వాత మూడోది చదివింది.

మాలో ఒకామె చేతిలో కత్తెర ఆగిపోయింది. అది ఆమె ఇంటి సంగతి. ఒకనాడు మిగతా ముగ్గురూ లేనప్పుడు, తిప్పిన మాటల్లోనే నాతో చెప్పుకుని ఏడ్చింది. ఫోన్ పక్కనే ఉంది, టీచరమ్మా ఉంది. మన మనిషే కదా అనుకున్నాం. ఇప్పుడది అందరి ముందూ బయటపడింది. చాట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"గిదేం పని టీచరమ్మా?" అన్నాను.

"పేర్లు పెట్టలే గద లచ్చవ్వా. ఎవలకు తెలుస్తది?"

"ఆమె మాట ఆమెకు తెల్వదా?"

తల దించుకుంది. "అన్నిట్ల గదే మంచి వాక్యం" అంది.

అక్కడ విరిగింది నా మనసు. మాట ఎలా తిరిగిందో చూసింది, చెప్పుకున్న మనిషిని చూడలేదు. నా చిన్నోడి కోసం పోచారం దాకా వెళ్లిన మనిషి, చాప మీద పక్కనే కూర్చున్న ఆడదాన్ని చూడలేకపోయింది.

"తీసేపిస్త. మాటిస్తున్న" అని బస్సెక్కింది. తర్వాత ఎనిమిది రోజులు బతికి ఉంది.

ఆమె పోయాక మా కోడలు ఆ సభ పిల్లలకు ఫోన్ చేసింది. "మేడం మాకేం చెప్పలేదు. అది అట్లనే ఉంది. మార్చాలంటే రాసినవాళ్లే అడగాలి. అవ్వ వేలిముద్ర గూడ ఉంది గద" అన్నారు. అంటే రెండోసారి కూడా మాట తప్పింది. అడుగుదామంటే మనిషి లేదు.

సభకు వచ్చిన రాతలన్నీ కలిపి వేసే పుస్తకం ఇంకా అచ్చు కాలేదట. కాబట్టి పిల్లలూ, అప్పుడు సరేనన్న వేలితోనే ఇప్పుడు వద్దంటున్నాను. మూడో ఉదాహరణ తీసేయండి. మిగతాదంతా ఆమె పేరుతో అచ్చు వేయండి. ఆ వయసులో పుస్తకాల సంచి మోసుకుంటూ బస్సుల్లో తిరిగింది, ఆమె పేరు ఉండాలి.

"ఆ మాటేందో ఇండ్ల రాయాల్నా అత్తమ్మా?" అని కోడలు అడిగింది.

"రాస్తివంటే చెయ్యి విరుస్త" అన్నాను.

మాయం కాకూడదనే రాసింది ఆమె. ఇప్పుడు షెడ్డు కింద నలుగురం కూర్చుంటున్నాం. ఎవరూ మాట తిప్పడం లేదు. ఆదివారం కామారెడ్డి బస్సు హారన్ వినిపిస్తే నలుగురం తలలెత్తుతాం. అది వెళ్లిపోయాక మళ్లీ కత్తెర్ల చప్పుడే.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది.

లచ్చవ్వ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర.

చూసినవారు: గంగవ్వ, సాయవ్వ, పోశవ్వ. ముగ్గురూ ఈ షెడ్డు వాళ్లే. ఐదో ఆమె పేరు అడగవద్దు.